చీటీ చెప్పిన అబద్ధం: మాండ్వి అడవి, ఒక చిన్న గుడ్లగూబ కథ

సూరత్ అనగానే మనకు వెంటనే గుర్తుకు వచ్చేవి మరమగ్గాలు, చీరలు, వజ్రాల సాన. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన వేలాది పద్మశాలి కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. అయితే ఆ మగ్గాల చప్పుడు నుంచి తూర్పుగా అరవై కిలోమీటర్లు వెళితే తాపీ నది ఒడ్డున మాండ్వి అనే ఊరు ఉందనీ, ఆ ఊరి పేరు ప్రపంచ పక్షిశాస్త్ర చరిత్రలో చాలాకాలం ఒక తప్పుడు చిరునామాగా నిలిచిందనీ మీలో ఎంతమందికి తెలుసు?

మాఘం ముగిసి ఫాల్గుణం వచ్చే రోజుల్లో మీరు ఆ వైపు వెళ్ళారనుకోండి. టేకు చెట్లు ఆకు రాల్చి బోసిగా ఉంటాయి. మోదుగలు ఎర్రగా పూస్తాయి. బూరుగ పూల చుట్టూ తేనెపిట్టలూ గోరింకలూ మూగుతాయి. చిన్న జీవులను చూడడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి సమయం లేదు. వానాకాలంలో ఆకుల చాటున దాగినవి ఇప్పుడు ఒట్టి కొమ్మల మీద కనిపిస్తాయి. ఎండుటాకుల మీద తొండ పరుగెత్తినా చప్పుడవుతుంది. ఇంతలో ఒక కొమ్మ మీద పిడికిలంత పక్షి కనబడుతుంది. గుండ్రటి తల, పసుపుపచ్చని కళ్ళు. గుడ్లగూబే, సందేహం లేదు. కానీ ఏ గుడ్లగూబ?

చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నకు సరైన జవాబు రావడానికి నూట పదమూడేళ్ళు పట్టింది. ఆ కథే ఈ నెల మీ ముందుంచుతున్నాను.

ఏడు నమూనాల పక్షి

1872 డిసెంబరులో, అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఫుల్‌ఝర్ ప్రాంతంలో (ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లో ఉంది) ఎఫ్. ఆర్. బ్లెవిట్ అనే ఆయన ఒక చిన్న గుడ్లగూబను కాల్చి, దాని చర్మాన్ని భద్రపరిచి, అలెన్ ఆక్టేవియన్ హ్యూమ్‌కు పంపాడు. హ్యూమ్ పేరు మీరు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. 1885లో భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనకు చొరవ చూపిన ఆంగ్లేయుడు ఆయనే. రాజకీయాలకు ముందు ఆయనకున్న వ్యసనం పక్షులు. దేశమంతటా ఉన్న అధికారులు, ఇంజనీర్లు, టీ తోటల యజమానులు ఆయనకు నమూనాలు పంపేవారు. ఆయన సేకరణలో నుంచి 75 వేలకు పైగా నమూనాలు తర్వాత లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. పక్షుల కోసమే ఆయన ‘స్ట్రే ఫెదర్స్’ అనే పత్రికను కూడా నడిపాడు.

బ్లెవిట్ పంపిన పక్షి మామూలు చుక్కల గుడ్లగూబ కాదని హ్యూమ్ గ్రహించాడు. 1873లో దానికి హెటిరోగ్లాక్స్ బ్లెవిట్టి అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘హెటిరో’ అంటే వేరైన, ‘గ్లాక్స్’ అంటే గుడ్లగూబ. అంటే ‘బ్లెవిట్ గారి వేరే గుడ్లగూబ’. మనం దీన్ని అడవి చిన్న గుడ్లగూబ అందాం.

1877లో భూగర్భ శాస్త్రజ్ఞుడు వాలెంటైన్ బాల్ ఇప్పటి ఒడిశాలోని ఖరియార్ ప్రాంతంలో రెండో నమూనా సేకరించాడు. ఆ తర్వాత 1880ల మొదట్లో జేమ్స్ డేవిడ్‌సన్ అనే అధికారి పశ్చిమ ఖాందేశ్‌లో, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని తళోదా, షహాదా వైపు అడవుల్లో, మరికొన్నిటిని సేకరించాడు. 1884 తర్వాత ఈ పక్షి ఎవరికీ కనిపించలేదు.

ప్రపంచంలోని మ్యూజియంలన్నీ కలిపి చూస్తే మొత్తం ఏడు నమూనాలు లెక్కకు వచ్చాయి. వాటిలో ఆరు పంతొమ్మిదో శతాబ్దంవి. ఏడోదాని కాలికి కట్టిన చీటీ మీద మాత్రం 1914, మాండ్వి అని ఉంది. సేకరించిన వ్యక్తి కల్నల్ రిచర్డ్ మైనర్ట్‌జాగెన్.

చీటీ అంటే ఏమిటి?

మ్యూజియంలో పక్షి నమూనా అంటే లోపలి మాంసం తీసేసి, దూది కూరి, కుట్టిన చర్మం. అది ఎంత అందంగా ఉన్నా దాని కాలికి కట్టిన చీటీ లేకపోతే శాస్త్రానికి దానివల్ల ఉపయోగం తక్కువ. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు సేకరించారు అనే మూడు సంగతులు ఆ చీటీ చెప్పాలి. పక్షి ఏ జిల్లాల్లో బ్రతుకుతుంది, ఏ ఋతువులో ఎక్కడికి వలస పోతుంది, ఒకప్పుడు ఎక్కడ ఉండి ఇప్పుడు ఎక్కడ లేదు అన్న విషయాలన్నీ ఈ చీటీల మీద ఆధారపడి తేలేవే. చీటీ అబద్ధం చెబితే పటమే అబద్ధం అవుతుంది.

1914 నాటి చీటీ అందుకే అంత విలువైనదయింది. మిగతా నమూనాలు చాలా పాతవి. ఈ ఒక్కటి ఇరవయ్యో శతాబ్దానిది. ఊరి పేరు కూడా ఉంది. పక్షి ఇంకా బ్రతికి ఉంటే మాండ్వి చుట్టుపక్కల టేకు అడవుల్లోనే వెతకాలని ఎవరికైనా తోస్తుంది. పైగా మాండ్వి నుంచి డేవిడ్‌సన్ నమూనాలు దొరికిన షహాదా వైపుకు పటం మీద గీత గీస్తే 130 కిలోమీటర్లు కూడా ఉండదు. రెండూ తాపీ లోయలోనివే. అనుమానించడానికి కారణం కనిపించలేదు.

మైనర్ట్‌జాగెన్ సామాన్యుడు కూడా కాదు. 1878లో పుట్టి 1967లో మరణించిన ఈ బ్రిటిష్ సైనికాధికారి పక్షుల మీద పెద్ద పుస్తకాలు రాశాడు. 1937లో మన సలీం అలీతో కలిసి ఆఫ్ఘనిస్తాన్‌లో పక్షుల సర్వేకు వెళ్ళాడు. 1954లో దాదాపు 20 వేల నమూనాలను బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చాడు. అంతటి మనిషి రాసిన చీటీని ఎవరు ప్రశ్నిస్తారు?

ఆ తర్వాతి దశాబ్దాల్లో సలీం అలీ, అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడు ఎస్. డిల్లన్ రిప్లే వంటి ఉద్దండులు ఈ గుడ్లగూబ కోసం వెతికారు. దొరకలేదు. కొన్ని అన్వేషణలకు మాండ్వి చీటీయే దారి చూపింది. అక్కడ దొరకకపోవడం చూసి ఆ పక్షి ఇక లేదేమోనని చాలామంది అనుకున్నారు.

దూది చెప్పిన సాక్ష్యం

1990లలో పమేలా రాస్‌ముసెన్ అనే అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞురాలు స్మిత్‌సోనియన్ సంస్థలో రిప్లేతో కలిసి దక్షిణాసియా పక్షుల గ్రంథం ఒకటి తయారుచేసే పనిలో ఉన్నారు. ఏ పక్షి ఎక్కడ దొరుకుతుందో నిర్ధారించడానికి వేలకొద్దీ నమూనాలను చేతిలోకి తీసుకుని చూడాలి. అలా చూస్తుంటే మైనర్ట్‌జాగెన్ నమూనాల్లో కొన్ని ఆమెకు విచిత్రంగా తోచాయి. అంతకుముందే, 1993లో, అలన్ నాక్స్ అనే శాస్త్రజ్ఞుడు మరో జాతి చిన్న పక్షుల విషయంలో మైనర్ట్‌జాగెన్ చీటీలు నమ్మదగినవి కావని చూపించాడు. ఆయన మ్యూజియం నుంచి అనుమతి లేకుండా నమూనాలు తీసుకుపోతున్నాడని 1919లోనే కొంతకాలం పక్షుల గదిలోకి రానివ్వలేదన్న సంగతి కూడా ఉంది.

మాండ్వి గుడ్లగూబ అసలు ఎవరిది? దీన్ని తేల్చిన పద్ధతి విద్యార్థులు శ్రద్ధగా గమనించదగ్గది.

మీ తరగతిలో ఒక్కొక్కరి చేతిరాత ఒక్కో రకంగా ఉంటుంది కదా. పక్షి చర్మాన్ని సిద్ధం చేసే చేతికి కూడా అలాంటి ‘రాత’ ఉంటుంది. ఒకరు దూదిని గట్టిగా కూరుతారు, ఒకరు వదులుగా. ఒకరు రెక్క ఎముకలను ఒక తీరున సర్దుతారు, మరొకరు ఇంకో తీరున. కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులోనూ అలవాటు ఉంటుంది. జేమ్స్ డేవిడ్‌సన్‌కు తనదైన తీరు ఉండేది. రాస్‌ముసెన్, ఆమెతో కలిసి పనిచేసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు నైజెల్ కాలర్, మాండ్వి నమూనాను ఎక్స్-రే తీసి, డేవిడ్‌సన్ నమూనాలతో పోల్చారు. నమూనాను విప్పి కొత్తగా దూది కూరి మళ్ళీ కుట్టినట్టు తేలింది. కాని కొత్త కూర్పు కింద పాత చేతి గుర్తులు పూర్తిగా చెరిగిపోలేదు. లోపల మిగిలిన పాత పోగులను పరీక్షించడానికి నేర పరిశోధనలో పేరున్న ఎఫ్.బి.ఐ. ప్రయోగశాల సహాయం కూడా తీసుకున్నారు. సాక్ష్యాలన్నీ డేవిడ్‌సన్ వైపే వేలు చూపాయి.

అంటే జరిగింది ఇది. 1880లలో డేవిడ్‌సన్ ఖాందేశ్‌లో సేకరించిన పక్షి మ్యూజియం నుంచి దొంగిలించబడింది. దాని రూపం మార్చి, కొత్త చీటీ కట్టి, 1914లో మాండ్విలో తాను సేకరించినట్టు మైనర్ట్‌జాగెన్ చూపాడు. పక్షి మాత్రం అసలైనదే. అబద్ధం చీటీలో ఉంది. ఈ వివరాలతో రాస్‌ముసెన్, కాలర్‌ల వ్యాసం 1999లో ‘ఐబిస్’ పత్రికలో వెలువడింది.

1997 నవంబరు 25

చీటీ అబద్ధమని తెలియడంతో ఒక లాభం కలిగింది. మాండ్విని పక్కన పెట్టి, నిజమైన చీటీలున్న చోట్లకే వెళ్ళాలన్న నిర్ణయం సులువయింది. 1997 నవంబరులో రాస్‌ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ ఏబట్ మన దేశానికి వచ్చారు. మొదట తూర్పున, పాత నమూనాలు దొరికిన ప్రాంతాల్లో రోజుల తరబడి తిరిగారు. ఫలితం లేదు. ఆ తర్వాత పశ్చిమాన డేవిడ్‌సన్ తిరిగిన ఖాందేశ్‌కు చేరుకున్నారు.

నవంబరు 25 ఉదయం, షహాదా దగ్గరి కొండల పాదాల్లో, బెన్ కింగ్‌కు ఒక చిన్న గుడ్లగూబ కనిపించింది. పట్టపగటి వెలుగులో కూర్చుని ఉంది. తల మీద చుక్కలు లేవు. పొట్ట తెల్లగా ఉంది. కాళ్ళు లావుగా, తెల్లని ఈకలతో నిండి ఉన్నాయి. ముందు ఎగిరిపోతుందేమోనని భయపడ్డారు. అది ఎగరలేదు. వీడియో తీసేంత సేపు అక్కడే ఉంది. 1884 నుంచి లెక్కిస్తే 113 ఏళ్ళ తర్వాత ఒక శాస్త్రజ్ఞుడి కంటికి ఆ పక్షి కనిపించడం అదే మొదటిసారి.

ఆ తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున ఫరా ఇష్తియాక్ తదితరులు దాని జీవనాన్ని అధ్యయనం చేశారు. ఇది చాలావరకు పగలు వేటాడే గుడ్లగూబ అని తేలింది. కొమ్మ మీద కూర్చుని కింద కదిలే తొండలను, ఎలుకలను, పురుగులను కనిపెడుతుంది. తోకను అటూ ఇటూ విసురుతుంది. చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది. మేల్ఘాట్ వంటి మధ్య భారత టేకు అడవుల్లో మరిన్ని పక్షులు బయటపడ్డాయి. 2014లో ముంబయికి చేరువలోని తాన్సా అభయారణ్యంలో కూడా కనిపించింది. హ్యూమ్ చెప్పినట్టు ఇది నిజంగా ‘వేరే’ ప్రజాతేనా అన్న పాత చర్చకు 2018లో జన్యు పరీక్షలు జవాబిచ్చాయి: చుక్కల గుడ్లగూబ ఉన్న అథెనె ప్రజాతిలోనే దీని చోటు అని. జాతి వేరన్న హ్యూమ్ మాట మాత్రం నిలిచింది. అదే ఏడాది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ‘తీవ్రంగా అంతరించే ప్రమాదం’ జాబితా నుంచి ‘అంతరించే ప్రమాదం’ జాబితాలోకి మార్చింది. ఎదిగిన పక్షులు వెయ్యిలోపే ఉంటాయని అంచనా.

అబద్ధం నిజానికి దగ్గరగా ఉంటే?

ఇక్కడ ఒక చిత్రమైన మలుపు ఉంది. మాండ్వికి దక్షిణాన, పాత పుస్తకాల్లో ‘సూరత్ డాంగ్స్’ అని పిలిచిన అడవులున్నాయి. ఇప్పటి డాంగ్ జిల్లా అది. అక్కడి పూర్ణా అభయారణ్యంలో ఇటీవలి సంవత్సరాల్లో అడవి చిన్న గుడ్లగూబ నిజంగానే కనిపించింది. మాండ్వి నుంచి అది ఎంతో దూరం కాదు.

అయితే మైనర్ట్‌జాగెన్ చెప్పింది దాదాపు నిజమే కదా అని మీరు అడగవచ్చు. ఇది మంచి ప్రశ్న. జవాబు కాదనే. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసిన జవాబు సరైనదే కావచ్చు. అంతమాత్రాన మీకు లెక్క వచ్చినట్టు కాదు. శాస్త్రంలో జవాబుతో పాటు ఆ జవాబు ఎలా వచ్చిందన్నదీ లెక్కలోకి వస్తుంది. పూర్ణాలో పక్షిని చూసినవారు కళ్ళతో చూశారు, ఫోటోలు తీశారు, తేదీ రాశారు. వాటిని మరొకరు పరీక్షించవచ్చు. 1914 చీటీ వెనక చూడడానికి ఏమీ లేదు. ఆ ఒక్క చీటీ ఎంతోమంది కాలాన్నీ శ్రమనూ పక్కదారి పట్టించింది. ఆ మధ్యకాలంలో ఎన్ని అడవులు నరికివేతకు గురయ్యాయో ఆలోచించండి. పక్షి ఉందని తెలిస్తే కాపాడుకునే అవకాశమైనా ఉండేది.

మన కడప జిల్లా కథతో దీన్ని పోల్చి చూడండి. జెర్డాన్ కనుగొన్న కలివికోడి 1900 తర్వాత ఎనభై ఆరేళ్ళు శాస్త్రజ్ఞులకు కనిపించలేదు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని లంకమల ప్రాంతంలో తిరిగి గుర్తించారు. ఒక స్థానిక వేటగాడు ఆ పక్షిని సజీవంగా పట్టి చూపించడంతో అది సాధ్యమయింది. అక్కడి పాత రికార్డులు నిజాయితీగా రాసినవి. అందువల్ల సరైన చోట వెతకగలిగారు. ఆ పక్షిని ఎరిగిన పల్లె మనుషుల మాటా తోడయింది. నిజమైన చీటీ దారి చూపుతుంది, తప్పుడు చీటీ దారి తప్పిస్తుంది.

మీరు అడవికి వెళితే

ఇప్పుడు మళ్ళీ ఆ ఫాల్గుణ మాసపు టేకు చెట్టు కిందికి వద్దాం. కొమ్మ మీది పక్షి ఇంకా మిమ్మల్నే చూస్తోంది. ఏ గుడ్లగూబో ఎలా తేలుస్తారు?

మొదట నడినెత్తి చూడండి. నెత్తి నిండా తెల్లని చుక్కలుంటే అది చుక్కల గుడ్లగూబ. తెలుగు పల్లెల్లో పైడికంటి అంటారు, గుజరాతీలో చీబరి. ఊళ్ళలో, మామిడి తోటల్లో, పాత గోడల సందుల్లో కనిపించేది ఇదే. పొడవు 21 సెంటీమీటర్లు. నెత్తి నుంచి తోక దాకా సన్నని అడ్డచారలుంటే అది చారల గుడ్లగూబ, 20 సెంటీమీటర్లు. నెత్తి దాదాపు చుక్కలు లేకుండా బూడిద గోధుమ రంగులో ఉండి, రొమ్ము ముదురు గోధుమ రంగులో, పొట్ట నడుమ శుభ్రమైన తెలుపులో ఉండి, రెక్కల మీద, తోక మీద వెడల్పాటి పట్టీలుండి, కాళ్ళు లావుగా తెల్లగా కనిపిస్తే అప్పుడు ఆగండి. 23 సెంటీమీటర్ల ఆ పక్షి అడవి చిన్న గుడ్లగూబ కావచ్చు. ‘కావచ్చు’ అన్న మాట మరవకండి. కొలతల్లో తేడా రెండు మూడు సెంటీమీటర్లే. దూరం నుంచి పరిమాణాన్ని నమ్మి పేరు పెట్టేయకూడదు. ఒక్క గుర్తు సరిపోదు. అన్ని గుర్తులూ కలవాలి.

గుడ్లగూబను వెతికే సులువైన ఉపాయం ఒకటుంది. పిగిలిపిట్టలు, ఏట్రింతలు, తేనెపిట్టలు ఒకచోట గుమిగూడి గోల చేస్తుంటే నెమ్మదిగా ఆ వైపు వెళ్ళండి. పగలు కూర్చున్న గుడ్లగూబను చిన్న పక్షులు అలా తిట్టి తరుముతాయి. మీరు మాత్రం దాన్ని తరమవద్దు. తొర్రలో చేయి పెట్టవద్దు. వసంతకాలంలో ఆ తొర్రలో గుడ్లో పిల్లలో ఉండవచ్చు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది మీ నోటుపుస్తకం. తేదీ, వేళ, ఊరు, తాలూకా, జిల్లా రాయండి. ఊరు పేరు ఒక్కటే చాలదు. ఇంగ్లీషు వ్యాసాలను తెలుగులోకి తెచ్చే నా పనిలో ఈ సంగతి నాకు మొదట ఎదురైంది ఈ కథలోనే. గుజరాత్‌లో మాండ్వి అనే పేరుతో కచ్ తీరాన ఒక రేవు పట్టణం ఉంది, తాపీ ఒడ్డున మరో ఊరు ఉంది. జిల్లా రాయకపోతే చదివేవాడు వందల కిలోమీటర్ల అవతలికి పోతాడు. చూసిన గుర్తులను రాయండి. చూడనివాటిని ‘చూడలేదు’ అని రాయండి. పొట్ట కనిపించకపోతే కనిపించలేదని రాయడంలో సిగ్గుపడవలసింది లేదు. ఇంటికి వచ్చి పుస్తకంలోని బొమ్మ చూసి, కనిపించని పొట్టకు తెల్లరంగు వేయవద్దు. అబద్ధపు చీటీలు ఇలాగే, చిన్నగానే మొదలవుతాయి.

మీరు చూసింది నూటికి తొంభై తొమ్మిదిసార్లు మామూలు పైడికంటే అవుతుంది. నిరుత్సాహపడవద్దు. ‘ఫలానా తేదీన, ఫలానా చోట, పైడికంటి ఒకటి’ అన్న నిజమైన ఒక్క వాక్యం శాస్త్రానికి పనికివస్తుంది. పేరు ప్రతిష్ఠలున్న కల్నల్ గారి మాండ్వి చీటీ ఆ పని చేయలేకపోయింది.